ఇరవై రెండో అట్ట

మా పిల్లలు పుస్తకాలు తెచ్చుకునే గ్రంథాలయంలో మేడ మీద ఒక గది ఉంది. ఆ గదికి చెడ్డపేరు.

చీకటి పడేటప్పుడు… సరిగ్గా కింద హాల్లో దీపాలు వేసే వేళకు… ఆ గదిలోంచి ఎవరో పిలుస్తారట. ఒకే ఒక్క మాట.

"నాన్నా…"

అంతే. ఆ తర్వాత ఏమీ ఉండదు. ఏడుపు ఉండదు, అడుగుల చప్పుడు ఉండదు. మెట్ల మీద ఉన్నవాళ్ళు చటుక్కున ఆగిపోతారు. చేతిలో పుస్తకం ఉంటే అక్కడే పెట్టేసి దిగిపోతారు.

పిల్లవాడి గొంతు అనేవాళ్ళు కొందరు. ఆడపిల్ల అనేవాళ్ళు కొందరు. నిజానికి అది గొంతు కాదు, గుసగుస. గుసగుసకు వయసేమిటి? కానీ "నాన్నా" అని పిలిచేది పిల్లలే కదా! అందుకని ఊళ్ళో వాళ్ళు పిల్లవాణ్ణే ఖాయం చేసుకున్నారు. వెనకటికి ఎవరో అద్దెకున్నవాళ్ళు కొడుకును గదిలో పెట్టి గడియ వేసి మరిచిపోయారని ఒక కథ. వాడు తండ్రిని పిలుస్తూ పిలుస్తూ పోయాడని దానికి ముగింపు.

మా రెండోవాడికి ఎనిమిదేళ్ళు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "ఆ గదిలో ఒక అబ్బాయి చచ్చిపోయాడట, నిజమేనా?" అని అడిగాడు.

మాకు ఈ ఊళ్ళో చుట్టం లేదు, పక్కం లేదు. పిల్లలకు ఏం చెప్పాలన్నా మేమిద్దరమే చెప్పాలి. తప్పు చెబితే దిద్దే అమ్మమ్మలూ తాతయ్యలూ దగ్గర్లో లేరు. అందుకని, జవాబు చెప్పేముందు అసలు సంగతి కనుక్కుందామని వెళ్ళాను.

నాకు చెప్పింది అట్టలాయన, వాళ్ళింట్లో కూర్చోబెట్టి. చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టే మనిషి కాబట్టి మా పిల్లలంతా ఆయన్ని అలాగే పిలుస్తారు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఒకటి రెండు చోట్ల నాకు అనుమానం ఉంది. అక్కడ నేను అడిగిన ప్రశ్న కూడా రాస్తాను.

* * *

ముందు ఆ ఇల్లు ఎవరిదో చెప్పాలి.

అది ఒక నవలా రచయిత్రిది. ఆవిడ పోయి నలభై ఏళ్ళు దాటింది. అందరూ పెద్దావిడ అంటారు. ఇరవై రెండు నవలలు రాసింది. అన్నీ లావుపాటివే. అన్నీ నిండు కుటుంబాలే. కొట్టుకుంటారు, అలుగుతారు, ఆఖరి పేజీలో అందరూ కలిసి భోజనానికి కూర్చుంటారు. ఆవిడ పుస్తకాల్లో ఎవరూ చనిపోరు. పిల్లలకు జలుబు కూడా చేయదు. ఆఖరికి దుర్మార్గుడికి కూడా పెళ్ళి చేసి గానీ వదలదని నవ్వుకునేవాళ్ళు.

పుస్తకాల వెనక అట్ట మీద ఆవిడ గురించి రెండే వాక్యాలు. 'ఈమెకు సంతానం లేదు. పాఠకులే ఈమె సంతానం.'

ఇల్లును గ్రంథాలయానికి రాసిచ్చి పోయింది. మేడ మీది ఆ గదిలో ఆవిడ సొంత ప్రతులు, నవల ఒక్కటికి ఒకటి చొప్పున, ఒక అలమరలో ఉండేవి. వాటికి అట్టలు ఆవిడే స్వయంగా కట్టుకుందట. రెండేళ్ళ కిందటి వానాకాలంలో పైకప్పు కారి ఆ అలమర తడిసింది. పుస్తకాలు ఉబ్బిపోయాయి. కొత్తగా కట్టించాలని కమిటీ తీర్మానించింది. అయితే పుస్తకాలు ఇల్లు దాటకూడదు, పని ఆ గదిలోనే జరగాలి అని షరతు.

ఇద్దరు బైండర్లు వచ్చి, గది ఏదో తెలిసి, వంక చెప్పి వెళ్ళిపోయారు. మూడో మనిషి అట్టలాయన. ఆయన్ని ఎవరూ పిలవలేదు. తనంతట తనే వచ్చాడు.

లైబ్రేరియన్ చిన్నమ్మాయి, ముప్పై ఏళ్ళుండవు. తాళంచెవి ఇస్తూ చెప్పింది:

"బాబాయ్ గారూ, ముందే చెబుతున్నా. నేను హాల్లో స్విచ్చి వేశానంటే మీరు మెట్ల మీద ఉండాలి. పైన ఉంటే మాత్రం నేను రాను, మా తాత వచ్చి చెప్పినా రాను."

"నేను పైనే ఉంటాను తల్లీ," అన్నాడు అట్టలాయన.

"ఎందుకు?"

"పని ఉంది."

ఆయనకు ఉన్న పని అట్టలు కట్టడం కాదు.

* * *

అంతకు ఏడాది ముందు ఆయన కొడుకు పోయాడు. ఆరేళ్ళవాడు. ఒక్కడే.

ఆ రోజు ఆయన ఇంట్లోనే పని చేసుకుంటున్నాడు. ఒక లావుపాటి పుస్తకం వీపుకు, అంటే కుట్టు ఉన్న అంచుకు, జిగురు పూశాడు. జిగురు పూశాక చెయ్యి ఆపకూడదు. ఆరేలోగా గుడ్డ అతికించి, మడత నొక్కి, బరువు పెట్టాలి. మధ్యలో లేస్తే వీపు వంకర పోతుంది.

పక్కగదిలోంచి పిల్లవాడు పిలిచాడు. "నాన్నా…"

"ఆగరా."

"నాన్నా…"

"ఆగరా, జిగురు ఆరిపోతుంది."

మూడోసారి కూడా పిలిచాడు. ఈయన పలకలేదు. గుడ్డ అతికించి, బరువు పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళేసరికి పిల్లవాడు నేల మీద ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. ఆస్పత్రిలో రెండు రోజులున్నాడు. మళ్ళీ మాట్లాడలేదు.

పది నిమిషాల ముందు తెచ్చినా ఇంతేనని డాక్టరు చెప్పాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పాడు.

"దాన్ని నేను నమ్మాను సార్," అన్నాడు అట్టలాయన నాతో. "నా బాధ అది కాదు. వాడు 'నాన్నా' అన్నాక ఇంకో మాట ఏదో ఉంది కదా… మంచినీళ్ళు అనబోయాడో, భయమేస్తోంది అనబోయాడో. ఆ మాట నేను విననే లేదు."

అప్పట్నుంచీ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ పని మాటలు తప్ప ఏమీ మాట్లాడుకోవడం లేదు. వాడు పిలిచిన ఆ మధ్యాహ్నం ఆమె ఇంట్లో లేదు, కుట్టుకేంద్రంలో పనికి వెళ్ళింది. గ్రంథాలయం గది సంగతి విని ఈయన, "అక్కడ పనికి వెళ్తున్నా" అన్నప్పుడు మాత్రం ఆమె చేతిలో పని ఆపి చూసిందట.

"వెళ్ళు. విను. విని… ఏమన్నాడో నాకూ చెప్పు."

నేను ఇక్కడ ఆయన్ని ఆపి అడిగాను. "ఆ పిలుపు మీవాడు పుట్టకముందు నుంచీ వినబడుతోంది కదా?"

"తెలుసు సార్. లెక్క కుదరదని తెలిసే వెళ్ళాను." కాసేపు మడతలు నొక్కే ఎముక పుల్లతో ఉత్త కాగితాన్నే నొక్కుతూ కూర్చున్నాడు. "పోయిన పిల్లలంతా ఒక్కచోటే ఉంటారేమో, వాళ్ళ మాట ఇటు వినబడే సందు ఆ గదేనేమో అనుకున్నాను. మనిషి ఎన్నైనా అనుకుంటాడు."

* * *

మొదటి రోజు మొదటి నవల తీశాడు. కుట్టు విప్పాడు. పాత అట్ట తడిసి ఉబ్బి ఉంది, పారేయాల్సిందే. కానీ దాని మీది గుడ్డ బాగుంది. గుడ్డ ఊడదీయడానికి అట్టను నీళ్ళ పళ్ళెంలో వేశాడు.

పాతకాలపు అట్ట ఒక ముక్క కాదు. పనికిరాని కాగితాలను ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించి ఎండబెడితే అట్ట అవుతుంది. నానితే మళ్ళీ పొరలు పొరలుగా విడిపోతుంది.

విడిపోయింది. మీద రెండు పొరలు పాత వార్తాపత్రిక. వాటి లోపల… చేతిరాత.

పెన్సిలు రాత. ఒక్క అక్షరం చెదరలేదు.

ఆరబెట్టి చదివాడు. అది ఒక కథ.

ఒక దర్జీ ఆవిడ బడి పిల్లలకు చొక్కాలు కుడుతుంది. ముప్పై తొమ్మిది మంది పిల్లలు. కొలతల పుస్తకంలో చూస్తే నలభై కొలతలు. ఎవరిదో తెలియక నలభయ్యో చొక్కా కూడా కుట్టి పంపిస్తుంది. చొక్కా తిరిగి రాదు. మరుసటి ఏడు మళ్ళీ కొలతలు తీస్తుంది. ముప్పై తొమ్మిది మందికీ రెండు రెండు అంగుళాలు పెరిగాయి. నలభయ్యో కొలత మాత్రం పెరగలేదు. ఆవిడ ఏటా కుడుతూనే ఉంటుంది. అదే చొక్కా… అదే కొలత… తన చూపు ఆనకుండా పోయేదాకా.

కథ అక్కడ ఆగిపోయింది. భోజనాలు లేవు. ఎవరూ నవ్వలేదు.

అట్టలాయన ఆ కాగితం కిందికి తెచ్చి లైబ్రేరియన్ చేతిలో పెట్టాడు. ఆమె నిలబడే చదివింది. చదివి కూర్చుంది.

"ఇది మన పెద్దావిడేనా?"

"రాత ఆవిడదే కదా. నువ్వే చూడు."

"మా అమ్మమ్మ ఆవిడ నవల గుండెల మీద పెట్టుకుని హాయిగా నిద్రపోయేది బాబాయ్ గారూ. ఇది చదివాక ఈ రాత్రి నాకు నిద్ర పట్టినట్టే!"

రెండో అట్టలో ఇంకో కథ ఉంది. మూడో అట్టలో ఇంకొకటి. అప్పుడు అర్థమైంది వాళ్ళకు. పెద్దావిడ ఒక్కో నవల అచ్చయినప్పుడల్లా ఒక్కో కథ రాసి, దాన్ని ఆ నవల అట్టలోనే పెట్టి అంటించేసింది. ఊరంతా చదివి సంతోషించింది లోపలి పుటలను. ఈ కథలు మాత్రం ఆవిడ సొంత ప్రతుల అట్టల్లోనే ఉండిపోయాయి. ఎవరికీ తెలియలేదు.

"దాచుకోవాలంటే కాల్చెయ్యొచ్చుగా?" అంది లైబ్రేరియన్.

"దాచుకోవడానికి కాదు తల్లీ. సిరాతో రాస్తే నీళ్ళలో కరిగిపోతుంది. ఆవిడ అట్టలు కట్టిన మనిషి, ఆ మాత్రం తెలియదా? పెన్సిలుతో రాసింది. ఎప్పుడో ఒకనాడు ఎవడో తడుపుతాడని రాసింది."

"ఎవడో అంటే?"

"నాలాంటివాడు."

* * *

కథలు రోజుకొకటి చొప్పున బయటికి వచ్చాయి.

ఒక దాంట్లో కొత్తగా కాపురానికి వచ్చిన ఇల్లాలు, తలుపు చట్రం మీద పాత గీతలు చూస్తుంది. వెనకటి వాళ్ళు పిల్లవాడి ఎత్తు కొలిచి గీసిన గీతలు. నెల తిరిగేసరికి ఇంకో గీత ఉంటుంది, కొంచెం పైన. ఇంట్లో పిల్లలు లేరు. మరో నెలకు ఇంకో గీత. ఏళ్ళు గడిచి ఆ గీత సరిగ్గా ఆమె భుజం ఎత్తుకు వచ్చిన రోజున, ఆమె వంటింట్లో నిలబడి వెనక్కి తిరగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటుంది.

ఇంకో దాంట్లో ఒక కుటుంబం ఫోటో తీయించుకోవడానికి వస్తుంది. బెంచీ మీద మధ్యలో ఖాళీ వదిలి కూర్చుంటారు. దగ్గరగా జరగమంటాడు ఫోటోగ్రాఫరు. ఎవరూ జరగరు. తల్లి ఆ ఖాళీ వైపు చూసి, "కదలకు" అంటుంది. కడిగి చూస్తే అందరూ చక్కగా వచ్చారు. ఖాళీలో ఒక మసక… ఎవరో కదిలినట్టు.

లైబ్రేరియన్ అన్నీ చదివేది. తిట్టుకుంటూ చదివేది.

"అన్నిట్లోనూ ఒక పిల్లవాడు ఎక్కువ ఉన్నాడు, చూశారా?" అంది ఒకరోజు.

"ఎక్కువో, తక్కువో… నాకు తెలియడం లేదు తల్లీ."

పిలుపు మొదటిసారి వినబడింది అయిదో రోజున.

కిందినుంచి స్విచ్చి టక్కుమంది. మెట్ల మీద పసుపు వెలుగు పడింది. గదిలో మాత్రం ఇంకా మసకే. ఆయన చేతులు జిగురుతో ఉన్నాయి. చెవి పక్కన కాదు, దూరంగానూ కాదు…

"నాన్నా…"

ఆయన లేచాడు. కుర్చీ పడిపోయింది.

"ఏంట్రా? చెప్పరా… ఇక్కడే ఉన్నాను."

ఏమీ లేదు. గోడలు, తడి కాగితాల వాసన.

"చెప్పరా కన్నా. ఈసారి ఎక్కడికీ పోను, చెప్పు."

అరగంట అలా నిలబడ్డాడు. లైబ్రేరియన్ మెట్ల కింద నుంచి, "బాబాయ్ గారూ! ప్రాణాలతో ఉన్నారా? ఉంటే దిగండి, లేకపోతే నేను పోతున్నా!" అని వణుకుతూ అరిచేదాకా.

ఇంటికి వెళ్ళి భార్యతో చెప్పాడు. "పిలిచాడు."

ఆమె దగ్గరికి వచ్చింది. ఏడాదిలో మొదటిసారి అంత దగ్గరికి వచ్చింది. "ఏమన్నాడు?"

"నాన్నా అన్నాడు."

"తర్వాత?"

"తర్వాత ఏమీ అనలేదు."

"నీ మీద కోపం ఇంకా పోలేదేమో," అంది. దెప్పడానికి అన్నది కాదట. నిజంగానే అలా అనుకుని అంది. అది ఇంకా కష్టంగా ఉందన్నాడాయన.

ఆ తర్వాత ప్రతిరోజూ అంతే. స్విచ్చి చప్పుడు… పిలుపు… ఈయన "చెప్పరా" అనడం… నిశ్శబ్దం. ఈయన పలకగానే ఆ గొంతు ఆగిపోయేది. తలుపు దాకా వచ్చినవాళ్ళు, ఇది మనం వెతికే ఇల్లు కాదని చూసుకుని వెనక్కి తిరిగిపోయినట్టు.

* * *

ఇరవై రెండో రోజున ఇరవై రెండో అట్ట.

అది పెద్దావిడ ఆఖరి నవల. ఆ తర్వాత పదేళ్ళు బతికింది గానీ ఏమీ రాయలేదు. ఆ అట్ట మిగతావాటి కంటే గట్టిగా ఉంది. పొద్దున వేస్తే సాయంత్రానికి గానీ విడలేదు. లోపల కథ లేదు. ఒకే ఒక్క కాగితం. ఉత్తరం.

మొదటి మాట చదివి, ఆవిడ తన తండ్రికి రాసుకున్నదనుకున్నాడు.

'నాన్నా,' అని ఉంది.

'నాన్నా, ఈ రోజుతో నీకు ముప్పై ఏళ్ళు నిండాయి. నీ గడ్డం నల్లగా ఉండేదా, మీ నాన్నకు మల్లే కాస్త ఎర్రగా ఉండేదా అని పొద్దున్నుంచీ అదే ఆలోచన.'

ఆయన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

'అప్పుడు నీకు నాలుగేళ్ళు. మనం దాగుడుమూతలు ఆడుకుంటున్నాం. నేను ఈ గదిలోనే నిలబడి కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టాను. తర్వాత ఇల్లంతా వెతికాను. నాన్నా అని పిలిచాను. నువ్వు పలకలేదు. నవ్వు ఆపుకుంటున్నావనుకున్నాను. సరే ఓడిపోయాను, రా నాన్నా అన్నాను. దీపాలు పెట్టే వేళ దాకా పిలుస్తూనే ఉన్నాను. మెట్ల కింది చెక్కపెట్టె సంగతి నాకు గుర్తుకే రాలేదు.'

'పరిచయం రాసేవాళ్ళు సంతానం లేదని రాసుకుంటామన్నారు. సరేనన్నాను. ఉంది అంటే, ఏడీ అని అడుగుతారు.'

'ఇంక నవలలు రాయను. ఆ కథలు కూడా రాయను. ఈ గదిలో కూర్చుని పిలుస్తూ ఉంటాను. ఎప్పటికో నీకే విసుగొచ్చి పలుకుతావు.'

అంతే.

కింద హాల్లో పిల్లలకు పుస్తకాలిస్తూ ఆ లైబ్రేరియన్ అమ్మాయి, "చింపకు నాన్నా… వరసలో రా నాన్నా" అంటూ ఉంది. రోజుకు వందసార్లు అంటుంది. అందరం అంటాం. నేనూ నా కొడుకును అలాగే పిలుస్తాను. అన్నం తిను నాన్నా, పడుకో నాన్నా. అయినా నలభై ఏళ్ళుగా ఆ పిలుపు విన్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు… పిలుస్తున్నది బిడ్డ కాదు, తల్లి అని.

* * *

"అప్పుడు మీకేమనిపించింది?" అని అడిగాను.

"ఇన్ని రోజులూ నేను ఇంకొకరి పిలుపుకు పలికానన్నమాట సార్. మావాడు నన్ను పిలవలేదు. ఒక్కసారి కూడా పిలవలేదు. ఇంటికి వెళ్ళి ఈ ముక్క మా ఆవిడతో ఎలా చెప్పను?"

సామాన్లు సర్దుకున్నాడు. కత్తి, దారం, సూదులు, ఎముక పుల్ల, జిగురు గిన్నె. సంచీ భుజానికి వేసుకుని మెట్ల దాకా వచ్చాడు.

కింద స్విచ్చి టక్కుమంది.

వెనకనుంచి…

"నాన్నా…"

ఇప్పుడు తెలిసి వింటే, ఆ గుసగుసలోనే వయసు తెలుస్తోందట. బొంగురు గొంతు. అలసిపోయిన గొంతు. కోపం లేదు. తొందర లేదు. ఇంకొక్కసారి పిలిచి చూద్దాం అన్నట్టు ఉంది.

దిగిపోదామనే అనుకున్నాడు. ఒక మెట్టు దిగాడు కూడా. మన బాధ మనకు చాలదా అనుకున్నాడు.

"మరి ఎందుకు ఆగారు?"

"మావాడిలా మూడుసార్లు పిలుస్తుందేమోనని భయమేసింది సార్. మూడోసారి పిలిస్తే… పలకకుండా వెళ్ళిపోవడం నా వల్ల కాదు."

ఆయన వెనక్కి తిరిగాడు. గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి, నెరిసిన జుట్టు, భుజాన సంచీ. నోట్లోంచి, ఎన్నో ఏళ్ళుగా ఎవరినీ పిలవని పిలుపు వచ్చింది.

"అమ్మా…"

గదిలో గాలి ఆగిపోయినట్టయింది. దారం మీద ఆరేసిన కాగితాలు ఊగుతున్నవి ఊగుతున్నట్టే నిలిచిపోయాయట. ఇది నాకు అనుమానం ఉన్న చోటు. మసకలో ఆయనకు అలా కనిపించి ఉండొచ్చు.

తర్వాత, చాలాసేపటికి, దగ్గరగా…

"తిన్నావా?"

అంతే. ఎక్కడికి పోయావని అడగలేదు. ఎందుకు పలకలేదని అడగలేదు.

"తిన్నానమ్మా," అన్నాడాయన.

అని, ఏడ్చేశాడు. ఆ ఏడాదిలో ఆయన ఏడవలేదట. గోడకు ఆనుకుని, నోట్లో చేతిరుమాలు కుక్కుకుని ఏడ్చాడు. కింద పిల్లలున్నారని.

* * *

ఇది జరిగి రెండేళ్ళయింది. ఆ తర్వాత ఆ గదిలో ఎవరికీ ఏమీ వినబడలేదని లైబ్రేరియన్ చెప్పింది. ఊళ్ళో కథ మాత్రం ఇంకా అలాగే నడుస్తోంది. ఆమె ఇప్పుడు దీపాలు వేశాక కూడా పైకి వెళ్తుంది. కథలన్నీ కాగితాల మధ్య పెట్టి ఇనప బీరువాలో భద్రం చేసింది. అచ్చు వేయడానికి కమిటీ ఒప్పుకోవడం లేదు. పెద్దావిడ అంటే ఒక మంచి పేరుంది, దాన్ని ఎందుకు చెడగొట్టడం అంటున్నారట. నన్ను కూర్చోబెట్టి మూడు చదవనిచ్చింది. నాలుగోది నేనే వద్దన్నాను. ఇంటికి వెళ్ళాక పిల్లల్ని లెక్కపెట్టుకోవాలనిపించింది.

మావాడికి జవాబు చెప్పాలి కదా. అందుకని అట్టలాయనను ఆఖరి మాట అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో.

"ఆవిడ మిమ్మల్ని కొడుకే అనుకుని వెళ్ళిపోయిందంటారా? అది… ఆవిడను మోసం చేసినట్టు కాదా?"

ఆయన జిగురు పూస్తున్నాడు. ఎవరిదో బడి పుస్తకం. కుంచె పక్కన పెట్టేశాడు. జిగురు ఆరిపోతుందని చూడలేదు.

"అనుకోనివ్వలేదు సార్. ఏడుపు ఆగాక చెప్పేశాను. 'అమ్మా, నేను మీవాణ్ణి కాను. పుస్తకాలు కట్టుకునేవాణ్ణి. మీ రాతలన్నీ చదివాను' అన్నాను."

"అయ్యో… అప్పుడు?"

"ఏమీ వినబడలేదు. వెళ్ళిపోయిందేమో అనుకున్నాను. అయినా చెప్పుకున్నాను. 'మావాడు కూడా మీరున్న వైపే వచ్చాడమ్మా. ఆరేళ్ళు. వాడు నాన్నా అని పిలుస్తుంటే మీకెక్కడైనా వినబడితే… నేను రాలేను కదా… కాస్త మీరు పలకండమ్మా' అన్నాను."

వీధిలోంచి బడి వదిలిన పిల్లల అరుపులు వినబడుతున్నాయి. లోపలి గదిలో ఆయన భార్య కుట్టుమిషన్ ఆగింది. ఆమె కూడా వింటోంది.

"అదైనా విందా? ఏమైనా అందా?"

"అంది సార్."

"ఏమంది?"

అట్టలాయన నా వైపు చూడలేదు. లోపలి గది వైపు చూశాడు.

"వాడి పేరడిగింది."